ఫైనాన్స్ ఉద్యోగానికి కవర్ లెటర్: ఏం రాయాలి, ఏం వదిలేయాలి?

కొత్తపద్దు

అందరికీ నమస్కారం. నేను ఒక రవాణా కంపెనీలో అకౌంట్స్ రిసీవబుల్, అంటే కస్టమర్ల నుంచి రావాల్సిన బాకీలు చూస్తున్నా. మూడేళ్లు కావస్తోంది. ఇప్పుడు రెండు రకాల పోస్టులకు అప్లై చేద్దామనుకుంటున్నా. ఒకటి, ఒక తయారీ కంపెనీలో ఎఫ్‌పీ అండ్ ఏ (ఆర్థిక ప్రణాళిక, విశ్లేషణ) అనలిస్టు. రెండోది, బ్యాంకులో క్రెడిట్ అనలిస్టు, అంటే అప్పు తీసుకునేవాళ్లు తిరిగి కట్టగలరో లేదో చూసే పని. రెజ్యూమే ఎలాగో పూర్తయింది. కవర్ లెటర్ దగ్గర మాత్రం కదలడం లేదు. ఇంగ్లీషులో రాసుకున్న దాని సారాంశం ఇదీ:

"మీ సంస్థలో ఫైనాన్షియల్ అనలిస్టు ఉద్యోగానికి ఎంతో ఆసక్తితో దరఖాస్తు చేస్తున్నాను. అంకెలంటే నాకు మొదటి నుంచీ ఇష్టం. విశ్లేషణా సామర్థ్యం, సూక్ష్మ పరిశీలన, జట్టుతో కలిసి పనిచేసే గుణం నా బలాలు. ఎక్సెల్‌లో మంచి ప్రావీణ్యం ఉంది. పేరున్న మీ సంస్థలో నా నైపుణ్యాలను మెరుగుపరుచుకునే అవకాశం ఇవ్వగలరని కోరుతున్నాను."

చదువుతుంటే నాకే నీరసం వస్తోంది. కానీ ఎక్కడ మార్చాలో తెలియట్లేదు. అసలు దీన్ని ఎవరైనా చదువుతారా?

రాత్రిమోడల్

నిజం చెప్పనా? పెద్ద ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకుల్లో చాలాసార్లు చదవరు. నేను అనలిస్టుగా ఉన్నాను, ఇంటర్న్‌ల దరఖాస్తుల మొదటి వడపోత మా మీదే పడుతుంది. రెజ్యూమే చూస్తాం, చదువు చూస్తాం, ఎవరైనా సిఫార్సు చేశారా చూస్తాం. లెటర్ తెరిచేది రెండు సందర్భాల్లో. ఇద్దరు సమానంగా కనిపించి తేల్చుకోలేనప్పుడు ఒకటి. పక్కన పెట్టడానికి కారణం వెతుకుతున్నప్పుడు రెండోది. ఈ రెండోదే ఎక్కువ. వేరే బ్యాంకు పేరు అలాగే ఉండిపోయిన లెటర్లు ప్రతి సీజన్‌లోనూ దొరుకుతాయి. అది చూశాక రెజ్యూమే ఎంత బాగున్నా మనసొప్పదు. రాత్రి రెండింటికి పిచ్‌బుక్‌లో (క్లయింటుకి చూపించే ప్రతిపాదనలో) క్లయింటు పేరు తప్పు వేసే మనిషి ఇతనే అనిపిస్తుంది.

హెచ్ఆర్‌గది

రాత్రిమోడల్ గారు చెప్పింది వాళ్ల ప్రపంచం వరకు నిజం. నేను ఫైనాన్స్ పోస్టులకే మనుషుల్ని వెతికే రిక్రూటర్‌ని. చిన్న సంస్థలు, బోటిక్ ఫర్మ్‌లు, ఫండ్‌లు, సీఎఫ్‌ఓ (ఆర్థిక విభాగం అధిపతి) స్వయంగా ఎంపిక చేసే కంపెనీలు చదువుతాయి. ఒక రంగం నుంచి ఇంకో రంగానికి మారుతున్నవాళ్ల లెటర్ అయితే తప్పకుండా చదువుతారు, ఎందుకంటే "ఇతను ఇక్కడికి ఎందుకు వస్తున్నాడు" అన్న ప్రశ్నకు రెజ్యూమేలో జవాబు ఉండదు. కొత్తపద్దు గారూ, మీరు మారుతున్నారు కాబట్టి మీకు లెటర్ అవసరమే.

మీ డ్రాఫ్టు సంగతి. ఆ పేరాలో ఒక్క మాట మార్చకుండా నేను కూడా సంతకం పెట్టి పంపొచ్చు. పక్కింటాయన కూడా పంపొచ్చు. అదే దాని జబ్బు.

పాతచిట్టా

"అంకెలంటే ఇష్టం" అన్న వాక్యాన్ని నిషేధించాలని నా చిరకాల కోరిక. అంకెలంటే ఇష్టం లేనివాడు ఈ ఉద్యోగానికి ఎందుకొస్తాడు బాబూ!

సున్నాతేడా

నేను ఫైనాన్స్ కంట్రోలర్‌ని. నా టీమ్‌లో అనలిస్టుల్ని నేనే తీసుకుంటాను, లెటర్లు చదువుతాను. నాకు ఏం కావాలో చెప్తాను, మిగతావాళ్లు విభేదించవచ్చు.

మన పనిలో అంకె వేయడం సులువు. సిస్టమే వేస్తుంది. ఆ అంకె ఎందుకలా వచ్చిందో తవ్వడం, తవ్విన తర్వాత ఎవరో ఒకరు ఏదో ఒకటి మార్చేలా చెప్పగలగడం, అదీ జీతం ఇచ్చి చేయించుకునే పని. లెటర్‌లో నేను వెతికేది అలాంటి ఒక్క సంఘటన. అంకె, కారణం, తర్వాత తీసుకున్న నిర్ణయం. మూడూ ఒకే పేరాలో కనపడితే ఇంటర్వ్యూకి పిలుస్తాను. "విశ్లేషణా సామర్థ్యం ఉంది" అని విడిగా రాయక్కర్లేదు, నాకు కనపడిపోతుంది.

అందుకని కొత్తపద్దు గారూ, లెటర్ సంగతి కాసేపు పక్కన పెట్టి వీటికి మామూలు మాటల్లో జవాబు చెప్పండి. మీ చేతిలో ఉండే ముఖ్యమైన అంకె ఏది? అది ఎప్పుడైనా ఊహించని విధంగా కదిలిందా? కదిలితే ఎందుకో మీరు ఎలా కనుక్కున్నారు? తర్వాత కంపెనీలో ఏం మారింది?

కొత్తపద్దు

సున్నాతేడా గారూ, ప్రయత్నిస్తా. నేను చూసేది డీఎస్‌ఓ, అంటే బిల్లు వేసిన డబ్బు చేతికి రావడానికి సగటున పట్టే రోజులు. గత ఏడాది మొదట్లో అది 58కి వెళ్లింది. కస్టమర్లు కావాలనే ఆలస్యం చేస్తున్నారని సేల్స్ వాళ్లు, సేల్స్ వాళ్లు సరిగ్గా అడగట్లేదని మావాళ్లు అనుకునేవాళ్లు. నేను ఏజింగ్ రిపోర్టులో (ఏ బాకీ ఎన్ని రోజులుగా ఉందో చూపే పట్టికలో) 60 రోజులు దాటిన ఇన్‌వాయిస్‌లన్నీ తీసి, ఒక్కొక్కటీ ఎందుకు ఆగిందో ఈమెయిళ్లు చూసి రాసుకున్నా. సగానికి పైగా వాటికి డెలివరీ రసీదు జత చేయలేదు. రసీదు లేదని కస్టమర్ అకౌంట్స్ వాళ్లు బిల్లు పక్కన పెట్టేస్తున్నారు, మనకి చెప్పట్లేదు. అప్పట్నుంచి రసీదు స్కాన్ కాపీ లేకుండా ఇన్‌వాయిస్ బయటికి వెళ్లకూడదని మా మేనేజర్ రూల్ పెట్టారు. ఇప్పుడు డీఎస్‌ఓ 49.

కానీ పూర్తిగా నా వల్లే తగ్గిందని చెప్పలేను. అదే సమయంలో ఒక పెద్ద కస్టమర్ అడ్వాన్సు పద్ధతికి మారారు. దాని ప్రభావం కూడా ఉంది. అందుకే ఇది రాయాలా వద్దా అని వదిలేశా.

సున్నాతేడా

వదిలేశారా! మీ లెటర్ అంతా ఇదే కదండీ. ఆ చివరి రెండు వాక్యాలు కూడా ఉంచండి. తొమ్మిది రోజులూ నా ఘనతే అని రాసిన వాళ్లని రెండో ప్రశ్నకే పట్టుకుంటాం. "ఇందులో కొంత అడ్వాన్సు పద్ధతి వల్ల వచ్చింది, దాన్ని తీసేస్తే మిగిలేది ఇంత" అని రాసేవాళ్లు అరుదు. వేరియన్స్ విశ్లేషణ అంటేనే అది. ఏ ముక్క ఎక్కడి నుంచి వచ్చిందో విడదీయడం. ఎఫ్‌పీ అండ్ ఏలో మీరు నెలనెలా చేయబోయేది ఇదే పని.

ఆ కస్టమర్‌ని పక్కన పెట్టి లెక్క వేశారా ఎప్పుడైనా? లేకపోతే ఇవాళే వేయండి.

రిస్కుడెస్క్

ఆలస్యంగా వచ్చా. బ్యాంకు క్రెడిట్ రిస్క్ వైపు నుంచి నా మాట.

రెండు పోస్టులకీ ఒకే లెటర్ పంపకండి. కథ అదే ఉండొచ్చు, చూపించే వైపు మారాలి. కంట్రోలర్‌కి మీరు నగదు ఎలా త్వరగా తెచ్చారన్నది ముఖ్యం. నాకు వేరే సంగతి కావాలి. డబ్బు ఆగినప్పుడు "ఇవ్వలేక ఆపారా, ఇవ్వడం ఇష్టం లేక ఆపారా, లేక కాగితం లేక ఆపారా" అని మీరు విడదీశారు. అప్పు ఇచ్చేవాడికి ఈ తేడా ప్రాణం. రసీదు కోసం ఆగిన 70 రోజుల బాకీకీ, జీతాలకే డబ్బుల్లేని కంపెనీ 70 రోజుల బాకీకీ ఏజింగ్ రిపోర్టులో ఒకే గడి. ఆ గడి వెనక్కి వెళ్లి చూసిన మనిషి నాకు కావాలి.

ఇంకో సంగతి. ఐఎఫ్‌ఆర్‌ఎస్ 9 అనే అంతర్జాతీయ అకౌంటింగ్ ప్రమాణం అమల్లోకి వచ్చింది 2018లో. దాని ప్రకారం ట్రేడ్ రిసీవబుల్స్‌కి నష్టం అంచనా వేసేటప్పుడు చాలా కంపెనీలు ప్రొవిజన్ మ్యాట్రిక్స్ వాడతాయి. బాకీ ఎన్ని రోజులు దాటిందో దాన్ని బట్టి గుంపులు చేసి, ఒక్కో గుంపుకి ఒక నష్ట శాతం పెడతారు. మీ కంపెనీ ఆ ప్రమాణం పాటిస్తుంటే మీ ఏజింగ్ డేటానే అక్కడికి వెళ్తూ ఉంటుంది. కనుక్కోండి. వెళ్తుంటే, రసీదు లేక ఆగిన బిల్లులు ఆ శాతాల్ని అనవసరంగా పెంచుతున్నాయేమో ఎవరైనా చూశారా అని అడగండి. ఆ ప్రశ్న అడిగిన క్యాండిడేట్ అని తెలిస్తే నేను లెటర్ రెండోసారి చదువుతా.

కానీ డిఫాల్ట్ సంభావ్యత (అప్పు ఎగ్గొట్టే అవకాశం ఎంతో లెక్కించే) మోడళ్లు కట్టాను లాంటి మాటలు మాత్రం రాయొద్దు. చేయని పనికి పెద్ద పేర్లు తగిలించిన లెటర్లు మాకు వారం వారం వస్తాయి. ఇంటర్వ్యూలో ఆ మాటే పట్టుకుని లాగితే అంతే.

మూడోలెవెల్

మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి, సంబంధం ఉన్న ప్రశ్నే. నేను సీఎఫ్‌ఏ (పెట్టుబడి విశ్లేషకుల అర్హత) రెండో లెవెల్ పాసయ్యా, మూడోదానికి రిజిస్టర్ చేసుకున్నా. లెటర్ కింద సంతకంలో పేరు పక్కన ఆ మూడక్షరాలు, పక్కనే లెవెల్ నంబరు వేసుకోవచ్చా? మా స్నేహితులు వేసుకుంటున్నారు.

రాత్రిమోడల్

వేసుకోకూడదు. ఆ అక్షరాలు పేరు పక్కన పెట్టుకునే హక్కు చార్టర్ వచ్చినవాళ్లకే. మూడు లెవెల్స్ పాసైనా సరిపోదు, తగిన పని అనుభవం చూపించి సభ్యత్వం తీసుకున్నాకే చార్టర్. లెటర్ లోపల "రెండో లెవెల్ పాసయ్యాను, మూడో లెవెల్ పరీక్షకు నమోదు చేసుకున్నాను" అని రాయండి, అది నిజం కాబట్టి ఎవరూ ఏమీ అనరు. ఫలానా సంవత్సరానికి చార్టర్ వచ్చేస్తుందని ముందే రాయడం కూడా తప్పే. ఇది ఎథిక్స్ సిలబస్‌లోనే ఉంది, మీరు చదివే ఉంటారు :)

మూడోలెవెల్

చదివా. పరీక్ష అయ్యాక మర్చిపోయినట్టున్నా.

రిస్కుడెస్క్

రిస్క్ మేనేజర్ల అర్హత ఎఫ్‌ఆర్‌ఎంకి కూడా ఇంచుమించు అంతే. రెండు పార్టులు పాసై, రెండేళ్ల పని అనుభవం చూపిస్తేనే సర్టిఫికేషన్. రిస్క్ టీమ్‌కి పంపే లెటర్‌లోనే అర్హతను పెంచి చెప్తే ఎలా ఉంటుందో ఆలోచించండి.

టిక్‌మార్కు

నాదో సందేహం. నేను ఆడిట్ ఫర్మ్‌లో ఉన్నా, ఇండస్ట్రీకి మారాలనుకుంటున్నా. పైన అందరూ అంకెలు రాయండి అంటున్నారు. నా దగ్గర ఉన్న మంచి కథలన్నీ క్లయింట్లవే. ఒక క్లయింట్ దగ్గర ఏడాది చివరి నాలుగు రోజుల అమ్మకాలు వచ్చే ఏడాదికి చెందాల్సినవని కట్ ఆఫ్ టెస్టింగ్‌లో కనిపెట్టా. అది రాస్తే గోప్యత దెబ్బతింటుంది కదా?

సున్నాతేడా

పేరు రాస్తే దెబ్బతింటుంది. పేరు లేకపోయినా ఊహించగలిగేలా రాస్తే కూడా దెబ్బతింటుంది. "దేశంలోనే అతి పెద్ద ఫలానా వస్తువు తయారీదారు" అని రాస్తే పేరు రాసినట్టే. "మధ్యస్థాయి రిటైల్ క్లయింట్" చాలు. మొత్తాలకు బదులు మీరు చేసిన పని మీద వాక్యం నడపండి. డిస్పాచ్ నోట్లని ఇన్‌వాయిస్ తేదీలతో పోల్చాను, తేడా దొరికింది, శాంపుల్ పెంచాను, మేనేజ్‌మెంట్ సర్దుబాటు ఎంట్రీ వేసింది. ఇందులో రహస్యం ఏముంది? పని మొత్తం కనపడుతోంది.

ఒక హెచ్చరిక. కొత్తగా తీసుకునేవాళ్లు దీన్ని ఇంకో కంటితో కూడా చూస్తారు. ఇవాళ పాత యజమాని గుట్టు మాకు చెప్పినవాడు రేపు మా గుట్టు ఇంకొకరికి చెప్తాడు. నేనైతే అలాంటి లెటర్ అక్కడితో ఆపేస్తా.

రాత్రిమోడల్

డీల్స్ చేసేవాళ్లకీ ఇదే వర్తిస్తుంది. ప్రకటన వెలువడి పూర్తయిన డీల్ అయితే ఫర్మ్ నియమాలు ఒప్పుకున్నంత వరకు రాయొచ్చు. నడుస్తున్న డీల్ గురించి పరోక్షంగా కూడా వద్దు. లిస్టెడ్ కంపెనీ అయితే అది మర్యాద సమస్య స్థాయి దాటి చట్టం దాకా వెళ్తుంది.

కొత్తపద్దు

నాదీ అంతర్గత అంకె కదా మరి. 58, 49 రాయొచ్చా?

సున్నాతేడా

మీ కంపెనీ లిస్టెడ్ కాకపోయినా మీ ఒప్పందంలో గోప్యత నిబంధన చూసుకోండి. అనుమానం ఉంటే అసలు స్థాయి వదిలేసి మార్పు మాత్రం రాయండి. "సుమారు తొమ్మిది రోజులు తగ్గింది" అంటే నాకు సరిపోతుంది.

హెచ్ఆర్‌గది

"ఈ కంపెనీయే ఎందుకు" అన్న పేరా గురించి ఎవరూ మాట్లాడలేదు. అందరూ తేలిపోయేది అక్కడే. వెబ్‌సైట్ మొదటి పేజీలో ఉన్న పొగడ్తలు తీసుకొచ్చి మళ్లీ వాళ్లకే అప్పజెప్తారు.

పాతచిట్టా

దానికి నా దగ్గర పాత చిట్కా ఉంది. లిస్టెడ్ కంపెనీ అయితే వార్షిక నివేదిక దించుకోండి. ఛైర్మన్ లేఖ దాటేయండి, అక్కడ అన్నీ బాగానే ఉంటాయి. నేరుగా క్యాష్ ఫ్లో స్టేట్‌మెంట్‌కి వెళ్లండి. లాభం, ఆపరేషన్ల నుంచి వచ్చిన నగదు, ఈ రెండూ కలిసి నడుస్తున్నాయా? లాభం పెరిగి నగదు తగ్గితే డబ్బు ఎక్కడో ఇరుక్కుంది. సరుకు నిల్వలోనా, బాకీల్లోనా? తర్వాత సెగ్మెంట్ నోట్ చూడండి, ఏ వ్యాపారం మోస్తోంది, ఏది ఈడుస్తోంది తెలుస్తుంది. ఆడిటర్ నివేదికలో కీ ఆడిట్ మ్యాటర్స్ ఉంటే అవి చదవండి. ఏ అంకె దగ్గర ఆడిటర్‌కి ఎక్కువ పని పడిందో అక్కడ రాసి ఉంటుంది. ఒక గంట పని. దీంతో ఒక మంచి వాక్యం పుడుతుంది.

కొత్తపద్దు బాబూ, నువ్వు అప్లై చేసే తయారీ కంపెనీ రిసీవబుల్స్ పెరుగుతున్నట్టు కనపడితే నీ కథకి అంతకంటే మంచి తలుపు లేదు.

సున్నాతేడా

పాతచిట్టా గారి మాటకు ఒక్క షరతు. మీ కంపెనీ వసూళ్లు బాగాలేవు, నేనొచ్చి సరిచేస్తా అన్న ధోరణి రాకూడదు. బయటి నుంచి చూసేవాడికి కారణం తెలియదు. ఏడాది చివర్లో పెద్ద ఆర్డరు వెళ్లి ఉండొచ్చు, ఒక కంపెనీని కొని ఉండొచ్చు. "ఈ రెండేళ్లలో రిసీవబుల్స్ అమ్మకాల కంటే వేగంగా పెరిగాయని గమనించాను, నేను పనిచేసిన విషయం అదే కాబట్టి ఈ పోస్టు నన్ను ఆకర్షించింది" అన్నంతవరకు ఆగండి.

లిస్టెడ్ కాని కంపెనీలకు నివేదిక దొరకదు. అప్పుడు ఉద్యోగ ప్రకటననే నోట్స్‌లా చదవండి. "కొత్తగా ఏర్పాటు చేస్తున్న టీమ్" అంటే పద్ధతులు ఇంకా లేవు, కట్టేవాళ్లు కావాలి. "క్లోజ్ సమయం తగ్గించాలి" అంటే నెలాఖరు లెక్కలు ముగించడంలో టీమ్ నలిగిపోతోంది. "బిజినెస్ పార్ట్‌నరింగ్" పదే పదే వస్తే సేల్స్, ఆపరేషన్స్ వాళ్లతో మాట్లాడి ఒప్పించగల మనిషి కావాలి. ప్రకటనలో వాళ్ల నొప్పి ఏదో కనుక్కుని దానికే జవాబు చెప్పండి.

టిక్‌మార్కు

చాట్‌బాట్‌తో రాయించుకుంటే? మా టీమ్‌లో సగం మంది అదే చేస్తున్నారు.

హెచ్ఆర్‌గది

తెలుస్తూనే ఉంది. అన్నీ ఒకే ఊపులో ఉంటాయి. గ్రామర్ దిద్దించుకోండి, పొడుగ్గా ఉంటే కుదించమనండి, తప్పేం లేదు. సరుకు మాత్రం మీదై ఉండాలి. ఇంకోటి, కంపెనీ ఏజింగ్ రిపోర్టు తీసుకెళ్లి బయటి టూల్‌లో అతికించి "దీన్ని లెటర్‌గా మార్చు" అనకండి. పైన గోప్యత గురించి అనుకున్నదంతా అక్కడ కూడా వర్తిస్తుంది.

మూడోలెవెల్

మధ్యలో ఏడాది ఖాళీ ఉంది, ఇంట్లో ఆరోగ్య సమస్య వల్ల. దాని గురించి లెటర్‌లో ఎంత రాయాలి?

హెచ్ఆర్‌గది

ఒక్క వాక్యం. కారణం, అది ఇప్పుడు తీరిందన్న సంగతి, ఆ సమయంలో పరీక్ష పాసైతే ఆ ముక్క. క్షమాపణ ధోరణి వద్దు. జీతం సంగతి వాళ్లు అడిగితే తప్ప ఎత్తకండి.

కొత్తపద్దు

అందరి మాటలూ పెట్టుకుని ఎఫ్‌పీ అండ్ ఏ పోస్టుకి మళ్లీ రాశా. ఆ పెద్ద కస్టమర్‌ని తీసేసి లెక్క కూడా వేశా, ఆరు రోజులు వచ్చింది. సారాంశం:

"మీ అనలిస్టు పోస్టుకు దరఖాస్తు చేస్తున్నాను. ప్రస్తుతం ఒక రవాణా సంస్థలో రిసీవబుల్స్ చూస్తున్నాను. గత ఏడాది మా వసూళ్ల వ్యవధి పెరిగినప్పుడు, 60 రోజులు దాటిన ఇన్‌వాయిస్‌లన్నింటినీ విడివిడిగా పరిశీలించాను. సగానికి పైగా డెలివరీ రసీదు లేకపోవడం వల్ల ఆగాయని తేలింది. రసీదు లేకుండా ఇన్‌వాయిస్ పంపకూడదన్న నియమం దాని ఫలితమే. తర్వాత వ్యవధి సుమారు తొమ్మిది రోజులు తగ్గింది. అందులో మూడు రోజులు ఒక కస్టమర్ అడ్వాన్సుకు మారడం వల్ల వచ్చినవి, మిగతా ఆరు రోజులకు ఈ మార్పే ముఖ్య కారణమని నా అంచనా.

మీ గత రెండు వార్షిక నివేదికల్లో రిసీవబుల్స్ అమ్మకాల కంటే వేగంగా పెరిగాయి. నగదు అంచనాలను మెరుగుపరచడం ఈ పోస్టు బాధ్యతల్లో మొదటిదని ప్రకటనలో ఉంది. వసూళ్ల వైపు నుంచి వచ్చిన నాకు ఆ పని పరిచయమే. బడ్జెటింగ్‌లో నేరుగా అనుభవం లేదు. మా నెలవారీ నగదు అంచనాకు వసూళ్ల భాగం మాత్రం నేనే తయారు చేస్తాను. దీని గురించి మాట్లాడే అవకాశం కోసం ఎదురుచూస్తాను."

పాతచిట్టా

మొదటిదీ ఇదీ ఒక్కరే రాశారంటే నమ్మను.

రాత్రిమోడల్

బడ్జెటింగ్ అనుభవం లేదని మనమే చెప్పుకోవాలా? నేనైతే తీసేస్తా.

సున్నాతేడా

నేను ఉంచుతా. రెజ్యూమే చూడగానే నాకు వచ్చే మొదటి అనుమానం అదే. తనే ఎత్తి, పక్క వాక్యంలోనే దగ్గరి పని చూపించాడు. దాచితే అనుమానం అలాగే ఉంటుంది.

రాత్రిమోడల్

మా దగ్గర అలా పనిచేయదు. కానీ అది మీ టీమ్, మీరే తీసుకునేది. సరే.

హెచ్ఆర్‌గది

కొత్తపద్దు గారూ, రెజ్యూమే కూడా పంపారు కదా నాకు, చూశా. అందులో "డీఎస్‌ఓ 10 రోజులు తగ్గించాను" అని ఉంది. లెటర్‌లో తొమ్మిది. ఏది సరైనది?

కొత్తపద్దు

అయ్యో. త్రైమాసికం చివరి బ్యాలెన్సుతో లెక్కేస్తే 10 వస్తుంది, సగటు బ్యాలెన్సుతో 9. రెజ్యూమే ముందు రాశా.

సున్నాతేడా

రెండూ సరైనవే కావచ్చు, పక్కపక్కన పెడితే మాత్రం టై అవ్వని బ్యాలెన్స్ షీటే. సగటు లెక్క ఉంచండి, ఒక పెద్ద చెల్లింపు తేదీని బట్టి ఊగిపోదు. రెజ్యూమేలో "తగ్గించాను" అన్న మాట కూడా మార్చండి, లెటర్‌లో మూడు రోజులు వేరే కారణం అని మీరే రాశారు. వర్కింగ్ షీటు ఒకటి సిద్ధంగా ఉంచుకోండి. నేనైతే ఇంటర్వ్యూలో ఆ ఆరు రోజులు ఎలా వచ్చాయో కాగితం మీద వేసి చూపించమంటా.

కొత్తపద్దు

మార్చేశా. పీడీఎఫ్ చేసి, కంపెనీ పేరు మూడు చోట్లా సరిగ్గా ఉందో లేదో చూసి పంపుతా. బ్యాంకు లెటర్ ఈ వారాంతంలో రాసి ఇక్కడే పెడతా. రిస్కుడెస్క్ గారూ, చూస్తారు కదా?

రిస్కుడెస్క్

చూస్తా. ప్రొవిజన్ మ్యాట్రిక్స్ గురించి మీవాళ్లని అడిగాకే రాయండి. ఒక పేజీ దాటితే మాత్రం చూడను.